సుగుణమ్మ అమ్మమ్మది ఏ ఊరు?

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది జరిగిన సంగతి ఇది. సూర్యాపేటలో తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే ఒక చిన్న కేంద్రంలో నేను కౌన్సెలర్‌ని. కౌన్సెలర్ అంటే కుర్చీలో కూర్చుని సలహాలిచ్చే ఉద్యోగమనుకుంటారు గానీ, నా పనిలో సగం తిట్లు తినడమే. తలసీమియా ఉన్న పిల్లల ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. కొన్ని వారాలకోసారి ఎక్కిస్తూనే ఉండాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ‘క్యారియర్’లయితేనే, అంటే ఇద్దరి రక్తంలోనూ ఆ లోపం దాగి ఉంటేనే, బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. క్యారియర్లకు మాత్రం ఏ బాధా ఉండదు. అందుకే తమలో ఉందంటే ఎవరూ నమ్మరు.

సుగుణమ్మ అసలే నమ్మలేదు. చివ్వెంల దగ్గర భూములూ పేరూ ఉన్న ఇల్లు వాళ్లది. ఆమె కొడుకు కోదాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు లంబాడీ తండా పిల్ల జ్యోతిని ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కూతురు హనీకి మూడేళ్లు. మనవరాలంటే సుగుణమ్మకు ప్రాణం. సూది గుచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకునేది ఆమే. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

“మా ఇంటావంటా లేదమ్మా గీ రోగం. తండ నుంచి తెచ్చిండ్రు” అనేది. జ్యోతి తల వంచుకునేది. నాకు ఒళ్లు మండేది.

“మీ అబ్బాయికి కూడా ఉంది కదమ్మా, రిపోర్టు చూపించాను కదా” అంటే, “మిషన్లు తప్పు సెప్పవా?” అని నా మీదికే వచ్చేది.

ఒక రోజు లడ్డూల డబ్బాతో వచ్చింది. కూతురు సుష్మకు పెళ్లి కుదిరిందట. వరుడు మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే సుగుణమ్మ తమ్ముడి కొడుకు. లడ్డూ కొరకకుండానే పక్కన పెట్టాను. కొడుకుకు ఆ లోపం సుగుణమ్మ నుంచి వచ్చి ఉంటే, ఆమె తమ్ముడికీ అతని కొడుకుకీ కూడా ఉండొచ్చు. సుష్మకూ ఉంటే ఆ ఇంట్లో మరో హనీ పుట్టే ప్రమాదముంది. సుగుణమ్మ భర్త వైపు నుంచి వచ్చి ఉంటే అంత భయం లేదు గానీ, ఆయన పోయి చాలా ఏళ్లయింది. తేల్చాలంటే ఇక సుగుణమ్మ రక్తమే చూడాలి.

మీరూ సుష్మా ఒక్కసారి పరీక్ష చేయించుకోండని బతిమాలాను.

“పెండ్లి కుదిరిన పిల్లకు రక్తపరీక్షంటే నలుగురు ఏమనుకుంటరు? పెండ్లిళ్లు చెడగొట్టుడేనా నీ పని?” అంది.

తర్వాతిసారి హనీకి రక్తం ఎక్కుతుండగా, వాళ్ల పక్కన కూర్చుని ‘పెడిగ్రీ చార్ట్’ గీయడం మొదలుపెట్టాను. మూడు నాలుగు తరాల మనుషుల్ని గీతలతో కలిపే వంశవృక్షం అది. ఇంట్లో ఎవరికైనా జబ్బుందా అని అడిగితే ఎవరూ చెప్పరు. అందుకని, పెద్దలకు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారని అడగడం నాకు అలవాటు. పోయినవాళ్ల ముచ్చట అందరూ ఇష్టంగానే చెబుతారు.

సుగుణమ్మ కూడా చెప్పింది. “మా అత్తగారోళ్లకు పెత్రమాస నాడు బియ్యమిస్తం. మా పుట్టింటోళ్లకైతే దీపావళి అమాస నాడు నేనే పెడ్త. పొయ్యిలకెల్లి నిప్పులు తీసి, బెల్లమన్నం, నెయ్యి ఆ నిప్పుల మీద ఏస్త. ఒక్కొక్కల పేరు సెప్పి సుట్టూ నీళ్లు సల్లుత. మా అమ్మ నేర్పింది. ఆమెకు వాళ్లమ్మ నేర్పిందట.”

జ్యోతి తలెత్తింది. “అత్తమ్మా, అది ధబ్‌కార్. మా తండల ప్రతి ఇంట్ల చేస్తరు. మీ ఊళ్లె మీరు తప్ప ఇంకెవ్వరు చెయ్యరు.”

ఇక గొడవే అనుకున్నాను. సుగుణమ్మ కోడలి వైపు తిరిగింది. “నీకెప్పటి సంది తెలుసు?”

“పెండ్లయిన ఏడే చూసిన. మీరు దాసుకున్నదాన్ని నేనెట్ల చెప్త?”

ఆ మాటతో పెద్దామె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ అన్ని మాటలు పడి కూడా ఆ పిల్ల అత్త పరువు కాపాడింది. నాకూ ఏడుపొచ్చింది.

“మా అమ్మోళ్ల నాయిన నిజాం కాలంల కోదాడ అవతల సర్కారు సరిహద్దు నాకల, గదే తనిఖీ గేటు కాడ, జవానట” అని మెల్లగా చెప్పింది సుగుణమ్మ. “పశువులను తోలుకొచ్చే తండ పిల్లను చేసుకున్నడు. కులపోళ్లు వెలేస్తే, ఆమెకు కట్టుబొట్టు మార్పించి, పేరు మార్పించి, ఇంకో ఊళ్లె కాపురం పెట్టిండు. అమ్మమ్మది ఏ ఊరే అని అడిగితే మా అమ్మ నా నోరు మూసేది.”

ఈ లోపం ఏ కులంలోనైనా ఉండొచ్చు, మీ అమ్మమ్మ నుంచే వచ్చిందని నేను చెప్పలేను, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది అన్నాను. ఆమె చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. మర్నాడు సుష్మను కూడా తీసుకొచ్చింది. ఇద్దరూ క్యారియర్లే.

మిర్యాలగూడకు నేను ఫోన్ చేస్తానన్నాను. “నువ్వొద్దు బిడ్డా, నేనే పోత” అని బస్సెక్కింది. అమ్మమ్మ ముచ్చట బజార్ల పెడ్తవా అని తమ్ముడు కేకలేశాడట. అతని కొడుకే నయం, చప్పుడు చేయకుండా వచ్చి పరీక్ష చేయించుకున్నాడు. అతనూ క్యారియరే. పెళ్లి చేసుకుని, బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకునే మార్గం ఉందని ఇద్దరికీ వివరించాను. “హనీకి సూది గుచ్చుడు చూసినంక నాకంత ధైర్యం లేదు మేడమ్” అంది సుష్మ. పెళ్లి ఆగిపోయింది. తమ్ముడి ఇంటితో రాకపోకలు ఇప్పటికీ అంతంతమాత్రమే. మంచి చేశానని సంబరపడటానికి నాకేమీ మిగల్లేదు.

జబ్బు ఏ వైపు నుంచి వచ్చిందో కనుక్కుంటే నా పని అయిపోయినట్టేనని అనుకునేదాన్ని. దాచిపెట్టిన మనిషిని ఇంటివాళ్లు మా మనిషేనని ఒప్పుకునేదాకా, ఎంత మంచి చార్టయినా కాగితమేనని సుగుణమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మొన్న తుంగతుర్తి నుంచి కొత్తగా ఒక కుటుంబం వచ్చింది. అత్త కోడలిని పట్టుకుని, మీ వంశంలో రోగమని తిడుతోంది. నేను లేచేలోపే, హనీని తీసుకొచ్చిన సుగుణమ్మ వెళ్లి ఆ అత్త పక్కన కూర్చుంది.

“అక్కా, నేను గూడ నా కోడలిని గిట్లనే ఒర్రిన. సూస్తే నా రక్తంల ఉండె” అంది. ఆమె నమ్మనట్టు చూసింది. “మీరు పెద్దింటోళ్ల లెక్క ఉన్నరు. మీకెట్ల వచ్చింది?”

“ఏమో, ఎట్ల వచ్చిందో ఎవరికెరుక” అంది సుగుణమ్మ. “మా అమ్మమ్మ మాత్రం తండ ఆడిబిడ్డ. నేను ఆమె మనుమరాలిని.”