గోడ మీది నుంచి గుంజిన వైరు

మా చిన్నప్పుడు... కంప్యూటర్ మూత విప్పితే లోపల పసుపు ఉండేది. నవ్వకండి. ఆర్మూర్‌లో పెరిగినవాళ్లకు తెలుసు. పసుపు సీజన్ మొదలైతే ఆ దుమ్ము అన్నం మీదా, ఆరేసిన బట్టల మీదా, ప్రార్థనకు మోకరించే చాప మీదా కూర్చునేది. కంప్యూటర్‌ను మాత్రం వదులుతుందా? పాత రంగుల బ్రష్ పట్టుకుని దులిపేదాన్ని... తుమ్ములే తుమ్ములు.

దుబాయ్‌లో ఎవరో పారేస్తుంటే మా మేనమామ తెచ్చిన కంప్యూటర్ అది. అలాంటి ముసలిదే ఒకటి గోడ అవతల మా బాపు అన్న, పెద్దబాపు ఇంట్లోనూ ఉండేది. ఆయన పసుపు మార్కెట్‌లో అడ్తి దుకాణం, అంటే కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. షావుకారు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేస్తే, కూతురు సుజక్క నేర్చుకుంటుందని తెచ్చాడు.

గోడ సంగతి చెప్పాలి. మా బాపు ప్రభువును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్న ఏడాది, పెద్దబాపు వాకిలి మధ్యలో ఆ గోడ లేపాడు. మా నాయనమ్మ అటువైపు ఉండిపోయింది. అప్పటికే పక్షవాతం, మంచం... గొంతు పక్క గదిలోకి కూడా వినిపించేది కాదు. బాపు అటు అడుగు పెట్టొద్దు. అటు నుంచి ఎవరూ ఇటు పలకొద్దు. కన్నతల్లి గోడ అవతలే ఉంటే, ఆమె ఏం తిన్నదో మా బాపు పక్కింటివాళ్లను అడిగి తెలుసుకునేవాడు.

నాకు పద్నాలుగేళ్లు. ఒళ్లు మండేది. మా ప్రార్థన కూటం పెద్దాయన "వాళ్లతోని మనకేం పని బిడ్డా, ప్రభువును నమ్మని లోకస్తులు" అన్నాడు. నేను గ్రంథం తెరిచి, తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ మీద వేలు పెట్టాను.

"గోడ అవతలి తల్లిని ఇడిసిపెట్టుమని గిండ్ల ఏడుంది అయ్యగారూ?"

ఆయన కండువా సర్దుకున్నాడు.

బడిలో సుజక్కా నేనూ టిఫిన్ డబ్బాల దగ్గర కూర్చుని కుట్ర చేశాం. రెండు కంప్యూటర్లనూ కలపాలి. నాయనమ్మ చెప్పింది సుజక్క అటు కొడుతుంది, ఇటు తెర మీద పడితే నేను బాపుకు చదువుతాను. కానీ ఆమె కంప్యూటర్‌లో మెమరీ చాలక ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోయేది. మా దాంట్లోంచి ఒక మెమరీ పట్టీ పీకి, రొట్టెల కింద దాచి ఆమె డబ్బాలో పంపాను. మాది కాస్త నెమ్మదించింది, ఆమెది లేచి కూర్చుంది. ఎండిన ఎముకలకు ఊపిరి పోసిన దేవుడికి ఇదొక లెక్కా!

ఇక వైరు. మిగిలిపోయిన టెలిఫోన్ వైరు తెచ్చి, నీళ్లు పోయే తూములోంచి అటు దూర్చాం. రెండు చివరలా కంప్యూటర్ వెనక దూర్చే ప్లగ్గులు పెట్టి, అటు ఏ సూదికైతే ఇటూ ఆ సూదికే తీగను జాగ్రత్తగా సోల్డరింగ్ చేశాం. సుజక్క కొట్టింది. నేను కొట్టాను. ఒక్క అక్షరం రాలేదు... ఎన్ని రోజులు చూసినా అంతే.

ఒకనాడు బాపుకు సద్ది పట్టుకుని మార్కెట్‌కు వెళ్లాను. బాపు అక్కడ హమాలీ. పని మాట తప్ప ఇంకో మాట లేని అన్నదమ్ములిద్దరూ పసుపు బస్తాల దగ్గర తగువు పెట్టుకున్నారు.

"గీడ ఎవడు దించుమన్నడురా?"

"నువ్వే చెప్తివి గద!"

"నేనెప్పుడు చెప్పిన?"

ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరి మాట. రెండు నోళ్లూ ఒకేసారి... వినే చెవి ఒక్కటీ లేదు.

సద్ది గిన్నె అక్కడే పెట్టి ఇంటికి పరుగెత్తాను. మేం చేసిందీ అదే! ఇటు నోటిని అటు నోటికి కలిపాం, చెవిని చెవికి కలిపాం. పంపే తీగ అవతల వినే సూదికి పోవాలి కదా! రెండు తీగలను అటుదిటు మార్చాను. ఆ సాయంత్రం తెర మీద, ఇంగ్లిషు అక్షరాల్లో, తెలుగు మెల్లగా నడిచి వచ్చింది.

"చిన్నోడా, తిన్నవా?"

చదివి వినిపించాను. బాపు భుజం మీది తువ్వాలతో తెర తుడిచాడు... దాని మీద దుమ్మేమీ లేదు.

"తిన్న అవ్వా అని కొట్టు బిడ్డా. జల్ది కొట్టు."

నెల తిరగకముందే పెద్దబాపు తూములో వైరు చూశాడు. కొడవలితో కోసేశాడు. గోడ మీది నుంచి తల చూపి అరిచాడు: "దొంగలలెక్క తూముల కెల్లి గుంజుతరా? సిగ్గు లేదా?"

నిజమే కదా అనిపించింది నాకు. దొంగల్లా ఎందుకు? దీపం వెలిగించి దాని మీద కుంచం బోర్లించేవాళ్లమా మేము? తెల్లవారి కొత్త వైరును గోడ పైనుంచి, వాడకట్టంతా చూసేట్టు గుంజాను. చాలదని దానికి ఎర్ర గుడ్డ పీలికలు కట్టాను. పెద్దబాపు మళ్లీ కొడవలితో వచ్చాడు. నేను గోడెక్కి కూర్చున్నాను.

"దిగు పోరీ!"

"దిగ. కొయ్యి పెద్దబాపూ. నువ్వు కోసినన్ని సార్లు మళ్ల గుంజుత. గని కోసినంక లోపటికి వోయి, ఎందుకు కోసినవో నాయనమ్మకు నువ్వే చెప్పు."

వాకిళ్లలో బీడీలు చుట్టే చేతులన్నీ ఆగాయి. ఎదురింటి లచ్చవ్వ "జర గట్టిగ చెప్పు, మేం గూడ ఇంటం!" అన్నది.

ఆయన ఎర్ర పీలికల వంక చూశాడు. లోపలి మంచం వంక చూశాడు. కొడవలి చూరులో గుచ్చి వెళ్లిపోయాడు.

గోడ కూలలేదు. అన్నదమ్ములు కౌగిలించుకోలేదు. వైరు మాత్రం ఉంది. నాయనమ్మ ఆఖరి రోజున దాని మీదే ఒక మాట వచ్చింది... పెద్దబాపు చెబితే సుజక్క కొట్టిన మాట. "చిన్నోన్ని రమ్మను." అటువైపు దర్వాజ బార్లా తెరిచే ఉంది. అయినా మా బాపు గోడ దూకే పోయాడు.

ఇప్పుడు ఆ గోడ లేదు. ఆ జాగాలో పిల్లలు బండ్లు పెడుతున్నారు. అందరి జేబుల్లో ఫోన్లు, అందరం ఒకే ఫ్యామిలీ గ్రూపు... అయినా ఏదో మాటకు అలిగి ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. నేను మళ్లీ చేరుస్తున్నాను. మళ్లీ పోతే మళ్లీ చేరుస్తాను. గోడెక్కిన దాన్ని, దిగను.

మీ ఇంట్లో ఏ గోడ ఉండేది? దాని మీది నుంచి ఎవరు ఏం గుంజారు? కింద రాయండి... తూములోంచి కాదు, ఎర్ర గుడ్డ కట్టి మరీ రాయండి.