మీరావలి మాట

సత్తెనపల్లిలో దూదేకుల మీరావలి తన కూతురి పెళ్లిపరుపుకు తానే దూది ఏకుతున్నాడు. వేసవి ఉదయం. వసారాలో విల్లు తాడు మోగుతుంటే దూది పింజలు పింజలుగా లేచి ఆయన గడ్డం మీదా కనుబొమల మీదా వాలుతోంది. ఆ మోత మధ్యలో లోకం ఒక్కసారిగా పక్కకు జరిగింది.

చప్పుడు ఆగలేదు, కానీ అది ఎవరింట్లోనో మోగుతున్నట్టుంది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. కానీ అవి ఎవరో అరువిచ్చిన చేతుల్లా ఉన్నాయి. పెరట్లో భార్య జోహరాబీ కోడిని తిడుతోంది. పెళ్లైననాటి నుంచీ విన్న గొంతే, విన్న తిట్టే. అయినా తెర మీద బొమ్మ మాట్లాడినట్టుంది. ఈసారి తిరిగి రాలేనేమో అనిపించింది. దీనికి మీరావలి తనలో తాను పెట్టుకున్న పేరు 'దూరం'. పైకి ఎవరైనా అడిగితే, కళ్లు తిరిగాయనేవాడు.

ఈ దూరం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊళ్లలో పరుపులు కుట్టించుకునేవాళ్లు తగ్గాక ఆయన పత్తి సీజనులో ఒక జిన్నింగు మిల్లుకు కూలికి పోయాడు. కిందటేడు అక్కడ పత్తికుప్పకు నిప్పంటుకుంది. కూలీలు దూది దొంగిలిస్తారన్న అనుమానంతో గేటుకు బయటినుంచి తాళం వేయించడం ఆ యజమాని అలవాటు. తాళంచెవి ఉన్న మనిషి టీ తాగడానికి పోయాడు. మీరావలీ మిగతా కూలీలూ గోడ దూకి బయటపడ్డారు గనుక ఎవరూ చావలేదు. ఎవరూ చావలేదు గనుక నేరమే జరగలేదని పోలీసులు తేల్చారు. బీడీ కాల్చింది ఎవరని కూలీలను వరసగా నిలబెట్టి అడిగారు. తాళం వేసింది ఎవరని ఏ ఒక్కరినీ అడగలేదు. ఒంటి మీద కాలిన మచ్చ ఉంటే చట్టం దాన్ని కొలుస్తుంది. పొగలో గేటు పట్టుకుని ఊపుతూ, ఇక అయిపోయిందనుకున్న ఆ కాసేపట్లో మనిషి లోపల ఏం విరిగిందో కొలిచే సాధనం ఏ కార్యాలయంలోనూ లేదు. లేదన్న సంగతి యజమానులకు బాగా తెలుసు.

గాలి సోకిందన్నారు చుట్టాలు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. చివరికి కూతురు ఖుర్షిదాయే పట్టుబట్టి గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్లింది. ఆమె తొందరపడకుండా 'దూరం' సంగతంతా విని, "ఇది పిచ్చి కాదండి. భయం మిమ్మల్ని కాపాడబోయి కాస్త వెనక్కి లాగుతోంది. వచ్చినప్పుడు దాంతో పోట్లాడకండి. పోట్లాడితే మరీ బిగుస్తుంది. మీ పని మీరు చేసుకుంటూ ఉండండి, అదే పోతుంది" అంది. మీరావలి తల ఊపాడు. కానీ ఆయనను తొలుస్తున్న ప్రశ్న వేరు. దాన్ని డాక్టరమ్మను అడగడానికి నోరు రాలేదు.

నిఖాలో పెళ్లికూతురి దగ్గరకు వెళ్లి, సాక్షుల ఎదుట ఆమె సమ్మతి అడిగి, ఆ మాట తెచ్చి జమాతుకు, అంటే పెళ్లికి కూడిన పెద్దలకు, చెప్పే మనిషిని వకీలంటారు. తన మాట తన తండ్రే అడగాలని ఖుర్షిదా కోరింది. పెళ్లి వచ్చే శుక్రవారం.

విల్లు గోడకు ఆనించి, మీరావలి పెరట్లోకి వెళ్లాడు. "ఏమే, మీ తమ్ముణ్ని వకీలుగా పెడదాం."

"గౌస్ బాషానా?" జోహరాబీ చేతిలో చేట కింద పెట్టింది. "వాడు బస్సులో టికెట్టు అడగడానికే నత్తి కొడతాడు కదయ్యా! వాడు సమ్మతం అనేలోపు వండిన పలావు చల్లారిపోతుంది."

నూతి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఖుర్షిదా లేచి వచ్చింది. తడిచేతులు పమిటకు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "నా మాట అడగడానికి నీకు నామోషీనా నాయనా?"

"నామోషీ కాదమ్మా."

"మరి?"

"ఆ గడియలో దూరం వస్తే? నోరు కదులుతుంది. కానీ అందులో నేను ఉండను. నేను లేని మాట నిఖాకు చెల్లుతుందా? నీ కాపురం అబద్ధపు మాట మీద నిలబడితే..." అన్నాడు మీరావలి.

నవ్వడానికి సిద్ధపడిన జోహరాబీ నోరు అలాగే ఆగిపోయింది. ఏడాదిగా ఈ మనిషి మోస్తున్న బరువు ఇదా అనుకుంది. "దీనికి జవాబు చెప్పాల్సింది నేను కాదు," అంది మెల్లగా. "పోయి పేషిమాం గారిని అడుగు."

మసీదులో నమాజు చేయించే పేషిమాం ఇమాం హుస్సేన్ మిగతా వేళల్లో బజారులో సైకిళ్లు బాగుచేస్తాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తూ, మీరావలి చెప్పిందంతా విన్నాడు.

"ఎప్పుడైనా జ్వరంతో నమాజు చేశావా మీరావలీ?"

"చేశానండి."

"తల తిరుగుతున్నప్పుడు?"

"చేశాను."

"పైవాడు దాన్ని తిప్పి పంపాడా? బిడ్డ ఏమందో విను. విన్నది విన్నట్టు చెప్పు. నీ పని అంతే. నీ మనసు ఎంత దగ్గరుందో కొలిచే బాధ్యత నీకెవరూ అప్పగించలేదు." బుడగ కనపడగానే అక్కడ వేలు పెట్టి, నవ్వాడు. "పెళ్లికొడుకుల్ని నేను చూస్తుంటాను గదా. సగంమంది ఏం జరుగుతోందో తెలియకుండానే కుబూల్, ఒప్పుకున్నా అంటారు. అన్నీ చెల్లాయి."

మీరావలికి కాస్త నవ్వొచ్చింది. కానీ చెల్లుతుందని తెలియడం వేరు, నిలబడగలనని నమ్మడం వేరు.

పెళ్లిపరుపు మూతి కుట్టే ముందు తండ్రి అరచేత్తో దూదంతా తడిమి చూడటం వాళ్ల ఇంటి ఆనవాయితీ. ఒక్క గింజ మిగిలినా ఏకినవాడికి తలవంపులు. ఆ సాయంత్రం మీరావలి అలా తడుముతుండగానే మళ్లీ దూరం వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. పక్కన దబ్బనానికి దారం ఎక్కిస్తున్న ఖుర్షిదా ఆయన ముఖం చూసి కనిపెట్టేసింది.

"ఆపకు నాయనా. వస్తే రానీ. అది దాని పని చేసుకుంటుంది, నువ్వు నీ పని చెయ్యి. నాకు నువ్వేం నేర్పావు? కళ్లు మూసుకుని, మెత్తన సంగతి వదిలేసి, గట్టిది ఎక్కడుందో వెతకమన్నావు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. లోకమంతా దూదిలో చుట్టి ఎక్కడో అటక మీద పెట్టినట్టుంది. చెయ్యి మాత్రం నెమ్మదిగా కదిలింది. మూల దగ్గర వేలి కింద ఏదో తగిలింది.

"ఏంటది?"

"గింజ."

"ఎట్లా ఉంది?"

"ఒక పక్క విరిగింది. నూగు ఉంది." బొటనవేలితో తిప్పాడు. "మొన గుచ్చుకుంటోంది."

"మరి గుచ్చుకున్నది ఎవరికి?"

మీరావలి కళ్లు తెరిచాడు. దూరం పోలేదు. అయితే అందులో ఉండటం ఇందాకటంత భయంగా లేదు. ఖుర్షిదా ఆ గింజను ఆయన అరచేతిలోనే ఉంచి వేళ్లు మూసింది. "పరుపులో దీనికి చోటు లేదు గాని, శుక్రవారం దాకా నీ జేబులో ఉండనీ."

శుక్రవారం, పెళ్లికూతురు కూర్చున్న పరదా ముందు నిలబడి, ఇద్దరు సాక్షులు వింటుండగా మీరావలి కూతురి మాట అడిగాడు. అడుగుతుండగానే దూరం వచ్చింది. పరదా మీది పువ్వులు బల్లపరుపుగా, ప్రాణం లేనట్టు కనిపించాయి. సాక్షులు బొమ్మల్లా ఉన్నారు. ఆయన పోట్లాడలేదు. జేబులో గింజ మొన మీద బొటనవేలు పెట్టి, వినడానికి నిలబడ్డాడు.

"సమ్మతమే నాయనా," అంది ఖుర్షిదా. ఎక్కడో నూతి అడుగు నుంచి వచ్చినట్టు వినిపించింది. అయినా మాట మాటే.

జమాతు ముందుకు నడిచి, విన్నది విన్నట్టు చెప్పాడు. తన గొంతు పరాయివాడి గొంతులా ఉంది. ఉండనిచ్చాడు. ఇమాం హుస్సేన్ తల ఊపి పెళ్లికొడుకు వైపు తిరిగాడు. ఎవరూ ఏమీ గమనించలేదు. ఖర్జూరాలు పంచారు. పలావులో ఉప్పు తగ్గిందని గౌస్ బాషా నత్తి లేకుండా అరిచాడు.

అల్లుడిది మార్టూరు, రాళ్లకు మెరుగుపెట్టే పని. సాయంత్రం బస్సు దగ్గరకు అందరూ పోయారు. బస్సు పైన క్లీనరు పరుపును ఒక కాలితో తొక్కి తాడు బిగిస్తున్నాడు.

"ఒరేయ్! కాలు తియ్యరా! అది పెళ్లిపరుపు, మిరపకాయల టిక్కీ బస్తా అనుకున్నావా? అంత ఎండలో నేను ఏకిన దూదిరా అది!"

బజారు బజారంతా ఇటు తిరిగింది. క్లీనరు బెదిరి కాలు తీశాడు. కిటికీలోంచి ఖుర్షిదా, కళ్లనిండా నీళ్లతో, పకపకా నవ్వింది. మీరావలి చుట్టూ చూశాడు. బస్సు ఎర్రగా ఉంది. డీజిలు వాసన వస్తోంది. అరిచింది ఎవరో కాదు, తనే.

"నాయనా, జాగర్త," అంది కూతురు.

"ఉంటానమ్మా. నువ్వు పోయిరా," అన్నాడు. ఈసారి ఆ మాట ఎవరిదని ఆయన ఆలోచించలేదు.