కచేరీ మధ్యలో కప్పిన శాలువా

“వదినగారూ, ఈసారైనా అందరూ చప్పట్లు కొట్టాకే లేవండి.”

“నా లేవడం సంగతి నేను చూసుకుంటాగానీ, మీకు విమానంలో మంచి కుర్చీ దొరికిందో లేదో చూసుకోండి. ఇక్కడి కుర్చీ మాత్రం నాది.”

జర్మనీలోని డ్రెస్డెన్ విమానాశ్రయంలో మా వియ్యపురాలు వసుంధరా, నేనూ చివరిసారిగా అనుకున్న మాటలివి. ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోయింది, నేను ఇక్కడే మా అబ్బాయి ఇంట్లో ఉండిపోయాను. ఆ మాటల వెనక ఒక ఘనకార్యం ఉంది. నిండు సభలో, పట్టపగల్లాంటి దీపాల కింద, మా తెనాలి పరువును నా చేతులతో నేనే ఎలా గంగలో కలిపానో చెబుతాను, వినండి. సంతకం దాటి నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు శిరీష రాస్తోంది. ఆ వసుంధరకు ఈ శిరీష కన్నకూతురు. అందుకే కలం ఆగినప్పుడల్లా “రాయవే, అమ్మ కదా అని దాచకు” అనాల్సి వస్తోంది.

మా కింది అంతస్తులో ఫ్రావ్ క్రౌజ అని ఒకావిడ ఉంటుంది. ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి అన్నట్టు. నాలాగే భర్త పోయిన మనిషి. ఆవిడకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు, కాబట్టి మా మధ్య ఏనాడూ మాటా మాటా పెరగలేదు. నేను గారెలు పట్టుకెళితే ఆవిడ కేకు ముక్క పెట్టేది. ఆవిడ వంటింట్లో కూర్చుని, ఒకరి మొగుడి ఫొటో ఒకరికి చూపించుకుని, ఇద్దరం ముక్కు చీదుకునేవాళ్ళం. మావారు బస్సు డ్రైవరు. ఉద్యోగం చివరి రోజున కప్పిన ఎర్ర జరీ శాలువాతో తీయించుకున్న ఫొటో ఒకటి ఉంది. అదంటే ఆవిడకు మహా ఇష్టం.

ఈ ఊళ్ళో ఒక పెద్ద వాద్యబృందం ఉంది. ఆర్కెస్ట్రా అంటారు. ఏడాది పొడుగునా జరిగే కచేరీలకు ఒకేసారి టికెట్ తీసుకుంటే, ఏటా అదే కుర్చీ మనకు దక్కుతుందట. క్రౌజ దంపతులకు మూడో వరుసలో పక్కపక్కన రెండు కుర్చీలు. ఆయన పోయాక కూడా ఆవిడ రెండో టికెట్ మానలేదు. ఆ కుర్చీలో ఆయన మఫ్లర్ పెట్టుకుని కూర్చునేదట. ఆ మఫ్లర్ లేచే రోజంటూ వస్తే అందులో కూర్చోవలసింది నేనేనని నాలో నేనే ఖాయం చేసుకున్నాను. మొగుడు పోయిన బాధ తెలిసినదాన్ని, గారెలు వండి పోసినదాన్ని, ఇంకెవరికుంటుంది హక్కు?

అప్పుడు దిగింది వసుంధర, కూతుర్ని చూసి పోదామని. రాజమండ్రిలో పిల్లలకు సంగీతం చెబుతుంది. వచ్చిన వారానికే బాల్కనీలో బట్టలారేస్తూ ఒక కీర్తన ఎత్తుకుంది. కింద కిటికీ తెరుచుకుంది. నా గారెలకు కూడా అంతగా వెలగని ఫ్రావ్ క్రౌజ మొహం ఆ పాటకు మతాబాలా వెలిగింది. ఆ వారాంతానికల్లా మఫ్లర్ లేచింది, వసుంధర కూర్చుంది.

నేను వండి పోసిన గారెలన్నీ గంగపాలు. పైగా కచేరీ నుంచి వచ్చాక ఆవిడ నోరు ఆగితేనా!

“ఎంత గొప్ప బృందమండీ వదినగారూ! పూర్వం రాజుగారి కొలువులో ఉండేదటండి. రాజులు పోయాక ఊరే సాకిందట. మధ్యలో డబ్బుల్లేవు, మూసేస్తామంటే జనం వీధుల్లోకొచ్చి అడ్డుపడ్డారటండి. క్రౌజగారు నాకంతా ఇంగ్లీషులో చెప్పారు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి పోషిస్తున్నాయట. బస్సెక్కి ఇవాళ ఇక్కడ, రేపు పక్కూళ్ళో...”

“మా తెనాలి బ్యాండుమేళం కూడా లారీ ఎక్కి ఊరూరా తిరుగుద్ది. దానికేంటి?”

“అది వేరండీ. ఇక్కడ అంతమందీ ఒక్క మనిషి చేతి వంక చూసి వాయిస్తారు.”

“మా ఆడపడుచు చెయ్యూపితే పెళ్ళిలో పంక్తి పంక్తంతా లేచేది. ఆవిడకెవరూ టికెట్ కొనలేదే!”

ఆ సాయంత్రమే మా అబ్బాయిని పట్టుకున్నాను. “నాన్నా, వచ్చే కచేరీకి నాకూ ఒక టికెట్ కొను.”

“నీకెందుకమ్మా? అంతసేపు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి.”

“నేను మోకాళ్ళతో వినన్లేరా.”

కొన్నాడు. చివరి వరుసలో, స్తంభం పక్కన. ఆ స్తంభానికి నేను పిల్లగా పుట్టానేమో అన్నంతగా అతుక్కుని కూర్చోవాలి. అక్కడి నుంచి చూస్తే మూడో వరుసలో రెండు తలలు ఒకదానికొకటి ఆనుకుని గుసగుసలు. నా గుసగుసలు, నా కుర్చీ!

అయితే నేను ఉత్తచేతులతో వెళ్ళలేదు. మన వైపు కళాకారుడికి శాలువా కప్పకుండా కచేరీ ముగుస్తుందా? ఆ పని వసుంధరకు తట్టకముందే నాకు తట్టింది. మావారి ఎర్ర శాలువా మడిచి తెచ్చాను. లోపలికెళ్ళే ముందు కోట్లూ సంచులూ అప్పగించాలన్నారు. శాలువాను చీర కొంగు కింద పొట్ట దగ్గర దోపాను. కోట్లు తీసుకునే పిల్ల నా పొట్ట వంక, నెరిసిన జుట్టు వంక మార్చి మార్చి చూసి, ఏమీ అనలేక దారి ఇచ్చింది.

కచేరీ మొదలైంది. నాకు అర్థమైందని అబద్ధమాడను. వసుంధర చెప్పిన ఆ ఒక్క మనిషి, నల్లకోటాయన, చేతులు ఊపీ ఊపీ చెమటలు కక్కాడు. ఒక్కసారిగా అంతా ఆగింది. ఆయన చేతులు దించాడు. హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదు!

‘అయ్యో, ఇంత కష్టపడ్డ మనిషికి ఇదా మర్యాద?’ అనుకున్నాను. వసుంధర తల కదిలింది. ఇంకేముంది, లేవబోతోంది! నా మోకాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో సత్తువ, పెళ్ళివారి బస్సు కదిలిపోతుంటే పరిగెత్తినట్టు పరిగెత్తాను. మూడో వరుస దాటుతుంటే వెనక నుంచి బుసలాంటి గొంతు.

“వదినగారూ! ఇంకా అవలేదండి! కూర్చోండి!”

అవును మరి, నన్ను కూర్చోబెట్టి తను లేద్దామని! అసూయ ఎంత పాడుదో చూడండి, అనుకుని మెట్లెక్కేశాను.

నల్లకోటాయన తాడిచెట్టంత ఎత్తు, పైగా పీట మీద నిలబడ్డాడు. “కాస్త వంగు నాయనా” అన్నాను. ఏం అర్థమైందో, వంగాడు. శాలువా కప్పాను. కప్పాక రెండు ముక్కలు మాట్లాడకపోతే బాగుండదని జనం వైపు తిరిగి, “సభకు నమస్కారం” అన్నాను.

అప్పుడు చూశాను. వెనక వాయిద్యాలవాళ్ళందరూ బూరలు పెదాల దగ్గర, ఫిడేలు కమాన్లు గాల్లో పెట్టుకుని బొమ్మల కొలువులా బిగుసుకుని ఉన్నారు. ఆయన చేతిలో పుల్ల మళ్ళీ పైకి లేచి ఉంది. తర్వాత తెలిసింది, అది నాలుగు భాగాల పాటట. నాలుగూ అయ్యేదాకా చప్పట్లు కొట్టరట. నేను కప్పింది మొదటి భాగానికి! మూడో వరుసలో వసుంధర మొహానికి హాల్లో పంచిన కాగితం అడ్డం పెట్టుకుని, నేనెవరో తెలియనట్టు కూర్చుంది.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలలేదు. జర్మన్లు నేలను గట్టిగా కట్టారు.

అంతలో ఒక మనిషి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఫ్రావ్ క్రౌజ. ఆ ఎర్ర శాలువా ఎవరిదో ఆ హాల్లో ఆవిడ ఒక్కదానికే తెలుసు. ఆవిడ కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. ఆవిడను చూసి ఇంకొకరు, వారిని చూసి హాలంతా. నల్లకోటాయన నాకు వంగి దండం పెట్టాడు. మిగతా మూడు భాగాలూ ఆ శాలువాతోనే నడిపించాడు.

ఇక నన్ను ఒంటరిగా వదిలితే ప్రమాదమని ఫ్రావ్ క్రౌజకు అర్థమైనట్టుంది. నా చెయ్యి పట్టి లాగి పక్క కుర్చీలో కూలేసింది. మరి ఆ కుర్చీలో ఉన్న మనిషో? టికెట్లు చూసేవాడు వచ్చి ఎంతో మర్యాదగా వసుంధరను నా స్తంభం దగ్గరకు తీసుకెళ్ళాడు!

ఆ రోజు నుంచి ఆ కుర్చీ నాదే. ఆయన తిరిగి ఇచ్చిన శాలువా కప్పుకుని వెళతాను. ఫ్రావ్ క్రౌజ మఫ్లర్ చుట్టుకుని వస్తుంది, నా శాలువా కొస పిడికిట్లో పట్టుకుని కూర్చుంటుంది. ఒక భాగం అయి నిశ్శబ్దం రాగానే నల్లకోటాయన వెనక్కి తిరగకుండానే, వీపు వెనక అరచెయ్యి నాకు చూపిస్తాడు, ‘ఆగు తల్లీ’ అని.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఎవరో తీసిన ఆ ఫొటోను వసుంధర రాజమండ్రిలో అందరికీ చూపించి, “జర్మనీలో మేం చేసిన సన్మానం” అంటోందట. మేం! కాగితం చాటున దాక్కున్న మనిషి! అక్కడ పోయిన పరువు మొత్తం నాది, అందులో ఎవరికీ వాటా లేదు.

ఇక నా శపథం: హాల్లో దీపాలన్నీ వెలిగి, జనమంతా లేచి, వాయించినవాళ్ళు వాయిద్యాలు పెట్టెల్లో సర్దుకుని బస్సెక్కి పక్కూరు చేరేదాకా, ఏ కళాకారుడికీ శాలువా కప్పను గాక కప్పను. మావారి మీద ఒట్టు.

అయిపోయింది. ఏదే శిరీషా, మొదటి నుంచి చదివి వినిపించు. మీ అమ్మ కాగితం అడ్డం పెట్టుకున్న చోట గొంతు తగ్గించకుండా, కాస్త గట్టిగా చదువు.