గాలిపొయ్యిలో పాలపొంగు

ముప్పై ఏళ్లు హైస్కూల్లో పిల్లలకు వేడి ఎటునుంచి ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పినవాణ్ణి, ఎయిర్ ఫ్రయర్‌లో పాలు పొంగించబోయాను. ఈ మాట ముందుగా నేనే ఒప్పుకుంటున్నాను. కర్ణాటకలోని మా తెలుగు ఊళ్లల్లో, చింతామణి నుంచి బాగేపల్లి దాకా, ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, అది వాళ్లకు మా బావ నోటి మీదుగా చేరడం నాకు ఇష్టం లేదు.

గుడిబండెలో మా అత్తగారు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆమెను చూసుకోవడానికి నా భార్య రెండు నెలలకని వెళ్లింది. మధ్యాహ్నం అన్నం, చారు నాకు చేతనవును. రాత్రికి అవే మిగులుతాయి. చిక్కంతా పొద్దుటి తిండి దగ్గరే. నేను చేసే ఉప్మాను గరిటెతో కాదు, పలుగుతో తీయాలి. అందుకని నన్ను అడక్కుండానే ఇంటివాళ్లు తీర్మానం చేశారు: రెండు వీధుల అవతలే మా అక్క ఇల్లు, రోజూ పొద్దున అక్కడికి వెళ్లి తినాలి.

నాలుగు రోజులు వెళ్లాను. అక్క దోసెల్లో ఏ లోపమూ లేదు. లోపమంతా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునే మా బావ నాలుక మీద ఉంది. దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి నన్ను చూపించేవాడు.

"మా బామ్మర్దప్పా. పెద్ద మేష్ట్రు. ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఉప్పిట్టు గూడా చేసుకోలేడు. మేమే సాకుతాండాము."

సాకుతాండాము! మా వైపు కోళ్లకూ గొర్రెలకూ వాడే మాట. ఐదో రోజు నేను వెళ్లలేదు. ఈ రెండు నెలలూ నా పొద్దుటి తిండి నా ఇంట్లో, నా చేత్తో, నా ఇష్టప్రకారం జరగాలని శపథం చేశాను. అరవై దాటాక మనిషికి ఇంతకన్నా పెద్ద శపథాలు దొరకవు.

బస్సెక్కి చిక్కబళ్లాపురం పోయి ఎయిర్ ఫ్రయర్ తెచ్చాను. కట్లెట్లు, ఆలూ టిక్కీలు, సమోసాలు మా ఊరి అంగట్లోనే గడ్డకట్టి ప్యాకెట్లలో పడుకుని ఉన్నాయి. వాటిని లేపి తీసుకొచ్చాను.

అక్కడే పొరపాటు జరిగింది. మా ఇళ్లల్లో కొత్త పొయ్యి ఏది వచ్చినా మొదట దాని మీద పాలు పొంగాలి. మట్టిపొయ్యి నుంచి గ్యాసుపొయ్యి దాకా మా అమ్మ గానీ, ఆ తర్వాత నా భార్య గానీ, పాలు పొంగించకుండా ఒక్కదాన్నీ వాడలేదు. ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్లు లేరు గనక ఆచారం బరువు నా నెత్తిన పడింది. యంత్రానికి పసుపు రాశాను. కుంకుమ బొట్టు పెట్టాను. అది సరిగ్గా అంకెలు కనిపించే చోటే పడింది. చిన్న స్టీలు గిన్నెలో అంచు దాకా పాలు పోసి, బుట్టలో దించి, చేతులు జోడించి నిలబడ్డాను.

పొంగలేదు. అది పైనుంచి వేడిగాలి ఊదే యంత్రం. కింద మంట ఉండదు. పాల మీద మీగడ తోలులా బిగిసి గోధుమరంగుకు తిరిగింది. వేడి పెంచాను. మళ్లీ పెంచాను. చివరికి పాలు మీగడ పక్కనుంచి దారి చేసుకుని అడుక్కి కారి, మాడి, గుప్పున పొగ లేచింది. తిండికి ఎందుకు రాలేదో చూసిపోదామని బావ వచ్చిందీ అప్పుడే.

"ఏమప్పా, ఏం మాడుస్తాండావు?"

"పాలు పొంగిస్తాండా బావా."

"దీంట్లోనా?"

బావ గోడ పట్టుకున్నాడు. నవ్వడానికి మనిషికి అంత ఆధారం కావలసి వస్తుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ ఆదివారం బాగేపల్లిలో బంధువుల గృహప్రవేశం. అక్కడ నిజంగానే పాలు పొంగిస్తున్నారు. బావకు ఇంకేం కావాలి? "ఉండండప్పా, ఆ గ్యాసు ఆర్పండి. మా మేష్ట్రు ఉండాడు గదా, గాలితో పొంగిస్తాడు!" అని కథంతా చెప్పాడు. పురోహితుడు కూడా మంత్రం మధ్యలో ఆగి నవ్వాడు. ఆ పూటే నాకు గాలి మేష్టరని పేరు పడింది. గిన్నెలో పాలు పొంగాయి, బావ ఉప్పొంగాడు, నేనొక్కణ్ణే కుంగాను.

నవ్వితే నవ్వారు. కానీ భోజనాల దగ్గర అక్క నా పక్కన కూర్చుని, "పోనీలేరా నాయనా, నీకెందుకు ఈ కష్టం? రేపట్నించి మా ఇంటికే వచ్చేయ్" అంది. నవ్వును ఎలాగో దిగమింగగలను గానీ జాలి నా గొంతు దిగదు.

"రానక్కా," అన్నాను. "నాది నేను చేసుకుంటా."

చేసుకోవడం అంత సులభంగా కాలేదు. గడ్డకట్టినదాన్ని కరిగించి వండాలనుకుని కట్లెట్లను గంటసేపు బయట పెట్టాను. ముద్దగా మారి బుట్ట సందుల్లో ఇరుక్కున్నాయి. మర్నాడు ఒకేసారి పన్నెండు కుమ్మరించాను. పైవి మాడాయి, అడుగువి పంటికి మంచు తగిలించాయి. మూడో రోజు, ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పని నేనే చేశాను: ప్రశ్నపత్రం చదివినట్టు ప్యాకెట్ వెనక రాసింది మొత్తం చదివాను. కరిగించకూడదు. బుట్టను ముందుగా కాస్త వేడి చేయాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒక్క వరసలోనే పేర్చాలి. పైన వేలితో నూనె రాయాలి. సగంలో తిప్పాలి.

పన్నెండో నిమిషంలో బుట్ట లాగాను. ఆరు కట్లెట్లు, ఆరూ ఒకే రంగు. కొరికితే పక్కింటికి వినిపించేంత చప్పుడు. పళ్లెం కూడా వెతుక్కోకుండా నిలబడే తిన్నాను. గాలి మేష్టరని పేరు పెట్టారు గదా, ఆ పొద్దున నిజంగానే గాల్లో తేలాను.

వారం తిరక్కుండా బావ వచ్చాడు. అతనికి షుగరు. అక్క ఎవరికి దోసెలు పోసినా, అతనికి మాత్రం పొద్దున్నే రాగిగంజి తప్ప వేరేది పెట్టదు.

"మిషను కాలిపోయిందేమో అని చూసేకొచ్చినా," అన్నాడు, సమోసా వైపు చూస్తూ.

ఒకటి ఇచ్చాను. నాలుగు తిన్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ ఏడున్నరకు గేటు చప్పుడయ్యేది. "మీ అక్కకు చెప్పొద్దప్పా" అనేవాడు మూతి తుడుచుకుంటూ. చెప్పలేదు. ఎవరు ఎవర్ని సాకుతున్నారో మా ఇద్దరికీ తెలిస్తే చాలనుకున్నాను.

ఒక సాయంత్రం కూరగాయలు తెచ్చుకుంటూ వాళ్ల వీధిలోంచి వస్తున్నాను. బావ వసారాలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నన్ను చూడలేదు.

"ఆ మిషన్లో ఏం వస్తాదప్పా? పాలు పోసుకుని పొంగేది కాచుకుని కూర్చుంటాడు, అంతే. తిండికి ఇప్పటికీ మేమే దిక్కు."

పొద్దున్నే నా దగ్గర మూడు టిక్కీలు, రెండు సమోసాలు తిన్న నోరు అది.

మర్నాడు ఏడున్నరకు గేటు చప్పుడైంది. బావను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా పళ్లెం పెట్టి, పళ్లెంలో గ్లాసు నిండా పాలు పెట్టాను. గ్యాసు మీద కాచినవే.

"ఏమిదప్పా?"

"పాలు బావా."

"కట్లెట్ల వాసన వస్తాండాది గదా!"

"యాడ బావా? ఆ మిషన్లో పాలు తప్ప ఏమీ రాదని వీధిలో చెప్తాండావు గదా. మేష్ట్రు పరువు పోయినా పరవాలేదు, నీ మాట అబద్ధం కాకూడదు."

బావ గ్లాసు వైపు చూశాడు. నా వైపు చూశాడు. అప్పుడే యంత్రం గంట కొట్టింది. బుట్ట లాగి, ఆరు కట్లెట్లు నా పళ్లెంలో వేసుకుని, అతని ఎదురుగానే కూర్చున్నాను. మొదటిది కావాలనే నెమ్మదిగా, చప్పుడయ్యేలా కొరికాను.

"ఒకటి ఇయ్యప్పా."

"ముందు పాలు తాగు బావా. చక్కెర వేయలేదులే, అక్క తిడుతుంది."

తాగాడు. పెదవి మీద తెల్లటి మీసంతో నా పళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆరో కట్లెట్ ఒక పక్క కొంచెం మాడింది. అదీ ఇవ్వలేదు.