తల ఊపి పిలిచే పద్ధతి

చోడవరం బస్టాండు వెనక సందులో దేముడమ్మ పిండి మర ఉంది. మర ఆడుతున్నంతసేపూ అక్కడ మాటలు వినపడవు. అందుకని దేముడమ్మ ఎవరినైనా పిలవాలంటే తలతోనే పిలిచేది. రెండు చేతులూ పిండిలో ఉంటాయి కదా, ఆ మనిషివైపు ఒక చూపు చూసి, గడ్డం తనవైపు లాక్కున్నట్టు తల ఊపేది. అంతే, క్యూలో ఎక్కడున్నా మనిషి లేచి వెళ్ళిపోవాల్సిందే. అట్ల పిండికని, సున్నుండలకని ఆ మరకి వెళ్ళి, ఆ తల ఊపుకి నేనెన్నిసార్లు లేచానో చెప్పలేను.

ఆ తల ఊపులోంచి ఒక పద్ధతి తయారుచేసిన పిల్ల ఝాన్సీ. దేముడమ్మ తమ్ముడి కూతురు. తండ్రి గోవాడ దగ్గర చెరుకు పొలం కౌలుకు చేసి, లాభం లేదని గాజువాక పోయి ఫిట్టరుగా కుదిరాడు. పిల్ల మాత్రం ఏడో తరగతి దాకా ఇక్కడే, మేనత్త దగ్గరే పెరిగింది. నా దగ్గరే హిందీ చదువుకుంది. లింగాలన్నీ తప్పులే, కానీ చెయ్యి ఎత్తకుండా ఒక్క రోజు ఉండేది కాదు. ఇంజనీరింగు అయ్యాక విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరింది.

ఆ ఉద్యోగం సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. కళ్ళకు గంతల్లా పెద్ద పెట్టె ఒకటి కట్టుకుంటే లేని గది కనిపిస్తుంది, అందులో లేని బల్లా, లేని గిన్నెలూ కనిపిస్తాయి. లేని గిన్నెని మనిషి ఎలా పట్టుకోవాలి? దూరంగా ఉన్నదాన్ని ఎలా దగ్గరికి తెచ్చుకోవాలి? అలాంటి ఉపాయాలు ఆలోచించడం, జనం చేత చేయించి చూడడం, ఏది సుఖంగా ఉందో తేల్చడం ఝాన్సీ పని. వాళ్ళ కంపెనీ పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం చేతి వ్యాయామాల ప్రోగ్రాం ఒకటి చేస్తోంది. అప్పటికే ఉన్న పద్ధతిలో బొటనవేలూ చూపుడువేలూ కలిపి గిల్లినట్టు పట్టాలి. పడిపోయిన చెయ్యి గిల్లుతుందా? ఇంకో పద్ధతిలో వస్తువుని రెప్పవేయకుండా చూస్తూ ఉండాలి. కళ్ళవెంట నీళ్ళు కారడం తప్ప పని జరగదు.

ఒక ఆదివారం ఝాన్సీ మరలో బస్తా మీద కూర్చుని ఉండగా, దేముడమ్మ అలవాటుగా ఎవరినో తల ఊపి పిలిచింది. పిల్ల అక్కడికక్కడే లేచి నిలబడింది. "అత్తా, ఇంకోసారి ఊపు" అని నాలుగుసార్లు ఊపించి, ఫోనులో వీడియో తీసుకుంది. దేముడమ్మ నవ్వి, "దీనికి పిచ్చెక్కిపోనాది మేడమ్మా" అంది నాతో.

నెల తిరిగేసరికి పద్ధతి తయారైంది. వస్తువువైపు చూసి తల తనవైపు ఊపితే చాలు, అది ఉన్న బల్లతో సహా జరుగుతూ మన దగ్గరికి వచ్చేస్తుంది. చెయ్యితో పని లేదు. ఝాన్సీకి ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఈ పద్ధతి పరీక్షల్లో నెగ్గితే పర్మినెంటు చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు. ఆ మాట పిల్ల మొట్టమొదట చెప్పింది మేనత్తకే. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

పరీక్షకి యాభై దాటినవాళ్ళు కావాలి. సొంతవాళ్ళు వద్దని మేనేజరు ముందే చెప్పాడట. ఝాన్సీ వినలేదు. "మా అత్త నాతో అబద్ధం ఆడదు మేడం" అంది. నిజమే, దేముడమ్మ తూకంలో ఎవరినీ మోసం చేసిన మనిషి కాదు. కానీ తూకం వేరు, మేనకోడలు వేరు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఇక శనివారం శనివారం సబ్బవరం బస్సులో పెట్టె వచ్చేది. మర వెనక గదిలో కుర్చీ వేసి, ముందు మేనత్తని, తర్వాత పిండికి వచ్చిన ఆడవాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టేది ఝాన్సీ. గిన్నె ఎంతసేపట్లో పట్టుకున్నారు, ఎన్నిసార్లు తప్పారు, అవన్నీ కంప్యూటరే చూసుకునేది. ఆ తర్వాత పిల్ల నోటితో అడిగేది. తల తిరిగిందా? వికారం పెట్టిందా? కళ్ళు లాగాయా? మళ్ళీ వాడమంటే వాడతారా?

"బాగున్నాదమ్మా" అనేవారు అందరూ. "ఏటీ తిరగనేదు. సినిమా సూసినట్టున్నాది."

నన్నూ కూర్చోబెట్టింది. తల ఊపాను. బల్ల నా మీదికి జరిగి వచ్చింది, నా కుర్చీయే ముందుకు పోతున్నట్టయి కడుపులో దేవేసింది. మూడో గిన్నెకే పెట్టె ఊడబీకి, "ఇది మనుషులు పెట్టుకునేది కాదే" అన్నాను. ఝాన్సీ నొచ్చుకోలేదు, ఓపిగ్గా నవ్వింది. "మీకు మైగ్రేన్ ఉంది కదా మేడం. అలాంటివాళ్ళని లెక్కలోకి తీసుకోకూడదు" అంది. ఊరందరిలో ఒక్క నిజం దొరికితే దాన్ని పక్కన పెట్టింది! యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా.

ఆ సాయంత్రం పిల్ల బస్సెక్కాక మరకి వెళ్లి చూద్దును కదా, అచ్చియ్యమ్మ గోడకి ఆనుకుని నిమ్మకాయ చీకుతోంది. అచ్చియ్యమ్మంటే మరలో పిండి జల్లించే మనిషి, దేముడమ్మకి కుడిభుజం. వెనక దొడ్లో దేముడమ్మ మొహం కడుక్కుంటోంది. కక్కుకుందని చూస్తేనే తెలుస్తోంది. మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. మావాళ్ళకి కడుపు తిప్పింది.

"ఇదేం పని దేముడమ్మా? పిల్లకి నిజం చెప్పరా?" అని కసిరాను.

"ఒక గంట తిరిగి తగ్గిపోద్ది మేడమ్మా. మనకేటి పోయింది? మన గుంట ఉజ్జోగం నిలబడాల. అందరికీ నేనే సెప్పేను, ఎవులూ వంకలెట్టకండని."

"నిజం తెలియకపోతే నష్టం దానికే కదా."

"మీరు టీచర్లు. మార్కులు కొయ్యడం మీకలవాటు" అంది చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. అచ్చియ్యమ్మ నిమ్మకాయ నోట్లో పెట్టుకునే నవ్వింది. నాకు ఒళ్ళు మండి, పిండి డబ్బా తీసుకుని వచ్చేశాను. ఏం చెప్పినా నా నోటిదురుసు అనే అంటారు.

శనివారాలు అయిపోయాయి. లెక్కలు తేలాయి. అన్ని పద్ధతుల్లోకీ తల ఊపి పిలిచే పద్ధతే మేలని వచ్చింది. ఇబ్బంది పడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఝాన్సీ మాడుగుల హల్వా పొట్లాలు తెచ్చి సందంతా పంచింది. మేనత్త కాళ్ళకి దణ్ణం పెట్టి, "నీ తల ఊపేనే అత్తా, నాకు పర్మినెంటు చేసేసింది" అంది. దేముడమ్మ ఆ రోజు మర ఆపేసి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది. అంత సంతోషంగా ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత వారమే పడిపోయింది. మర పైన హాపర్లో బియ్యం పోస్తూ పోస్తూ పక్కకి ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయాయి. అనకాపల్లి తీసుకెళితే విశాఖపట్నం పొమ్మన్నారు. అచ్చియ్యమ్మా నేనూ ఆటోలో కూడా వెళ్ళాం. ఝాన్సీ ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఆసుపత్రి గుమ్మంలోనే మమ్మల్ని కలిసింది.

బీపీ ఎన్నాళ్ళనుంచో ఎక్కువగా ఉందన్నాడు డాక్టరు. "ఈ రెండు మూడు నెలల్లో తల తిరగడంగానీ, తూలడంగానీ ఉండేదా?" అని అడిగాడు.

"లేదు సార్" అంది ఝాన్సీ వెంటనే. "అస్సలు లేదు. నేను ప్రతివారం అడిగాను. అడిగిన ప్రతిసారీ లేదనే చెప్పింది."

అంత గట్టిగా చెప్పింది పిల్ల. డాక్టరు తలాడించి రాసుకోబోయాడు. అప్పుడు నా పక్కనున్న అచ్చియ్యమ్మ చేతిలో ఫ్లాస్కు కింద పెట్టేసి ఏడ్చేసింది.

"తిరిగీది బాబూ. ఆ గంతలెట్టని రోజు కూడా తిరిగీది. మరమీద సెయ్యేసుకుని నిలబడిపోయీది. ఆస్పత్రికెళ్దామంటే, ఇది గంతల మత్తే, దిగడానికి టైము పడతాదనీసి నన్నే కసిరింది. ఎవులికైనా సెప్పితే గుంట ఉజ్జోగం పోద్దని ఒట్టేయించుకుంది."

ఝాన్సీ నోరు తెరిచి అచ్చియ్యమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. డాక్టరు విసుక్కోలేదు, పాపం. "ముందే తెలిస్తే మాత్రతో పోయేది" అన్నాడంతే. ఆ ఒక్క మాట చాలు, మనిషిని బతికున్నంతకాలం తినడానికి. నేను దాని భుజం పట్టుకున్నాను.

మర్నాడు ఝాన్సీ కంపెనీకి వెళ్ళి, చోడవరం లెక్కలేవీ పనికిరావని తనంతట తానే చెప్పింది. ముక్కూమొహం తెలియని మనుషుల చేత విశాఖపట్నంలో మళ్ళీ పరీక్ష పెట్టించింది. సగం మంది మధ్యలోనే పెట్టె తీసేశారు. ఒకాయన, ఎవరు కనిపెట్టారమ్మా ఈ దరిద్రం అని దాని మొహం మీదే అడిగాడట. ఆ మాట నాకు చెప్పినప్పుడు పిల్ల నవ్వింది. "నాకు కావాల్సింది ఆయనే మేడం. ఆయన్ని ముందే వెతుక్కుని ఉండాల్సింది" అంది. పద్ధతి తీసేశారు. పర్మినెంటు ఉత్తర్వు వెనక్కి పోయి మళ్ళీ కాంట్రాక్టే మిగిలింది. దానికి పిల్ల బాధపడినట్టు నాకు కనపడలేదు. ఆ బాధ పడడానికి మనసులో చోటుండాలి కదా.

ఇప్పుడు మర అచ్చియ్యమ్మ నడుపుతోంది. దేముడమ్మ వెనక గదిలో మంచం మీద ఉంటుంది. మాట కొంచెం ముద్దగా వస్తుంది గానీ అర్థమవుతుంది. ఝాన్సీ శనివారం శనివారం వస్తూనే ఉంది. పెట్టె తేదు. రబ్బరు బంతి ఒకటి మేనత్త ఎడమ చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడుస్తుంది. ఇన్నాళ్ళూ తల తిరగడం దాచిన సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మొన్న శనివారం కరెంటు పోయి మర ఆగింది. నేను గుమ్మం పక్క కుర్చీలో ఉన్నాను. ఆ నిశ్శబ్దంలో ఝాన్సీ ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తా, అన్నిసార్లు అడిగేను కదా. ఒక్కసారైనా ఎందుకు సెప్పలేదు?"

దానికి ఇక్కడి యాస ఎన్నాళ్ళకి వచ్చిందో! దేముడమ్మ దాని మొహంలోకి చూసింది. కోపం లేదు, నింద లేదు.

"నువ్వు ఆ గంతల గురించడిగేవు. నీ సొమ్ము కదాని మంచిగా సెప్పేను. నా గురించి అడిగితే సెప్పీదాన్ని కాదేటే?"

నేను నేల చూపులు చూశాను. ఝాన్సీ చేతిలో బంతి అలాగే ఉండిపోయింది. దాని కళ్ళు నిండిపోయాయి. మేనత్త దగ్గరికి ఇంకా జరిగి కూర్చుంది.

"ఇప్పుడడుగుతన్నానత్తా. నీకెలా ఉంది?"

అలవాటైన మాట నోటిదాకా వచ్చి ఆగినట్టు దేముడమ్మ పెదాలు కదిలాయి. తర్వాత కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి, మేనకోడలి ఒళ్ళో పెట్టింది.

"బాగోనేదే" అంది. "ఈ సెయ్యి నాది కాదనిపిస్తాది. దొడ్డికెళ్ళాలంటే అచ్చియ్యమ్మని పిలవాల, సిగ్గేస్తంది. తెల్లారగట్ల మెలకువొస్తే బయమేస్తంది, ఇంక లెగనేమోనని."

పిల్ల ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని విన్నది. ఒక్క ప్రశ్న వేయలేదు. దేముడమ్మ ఇంకా చెబుతూనే ఉంది.