దుబాయి ప్రాసెసరు, సిరిసిల్ల బోర్డు

నా భార్య చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. సిరిసిల్లలో మా కార్ఖానా ముందు గదిలో ఉన్న పాత కంప్యూటరే ఆమె ఆఫీసు. పనిలేక మా సాంచాల్లో, అంటే మరమగ్గాల్లో, సగం ఆగిపోయి ఉన్న రోజుల్లో, జగిత్యాల బట్టల సేటు ఒకాయన ఆమె కొత్త అంచు చూడటానికి వచ్చే నెల వస్తానన్నాడు. నచ్చితే సాంచాలన్నీ నడుస్తాయి. ఇన్నాళ్లూ ఎవరివో డిజైన్లు కొని నేసిన మేము మొదటిసారి ఆమె గీసింది నేస్తాం.

కంప్యూటరు నిదానంగా నడిచేది. అది ఆమెకు పెద్ద బాధ కాదు. "జర్ర నిమ్మలంగ నడుస్తది గని నడుస్తది గదా. దాన్ని ముట్టకు" అంది. ముట్టకంటే ముట్టకుండా ఉండే మనిషినైతే నా బతుకు ఇంకోలా ఉండేది.

కంప్యూటరుకు కొత్త ప్రాసెసరు తెమ్మని, దుబాయిలో ఉన్న మా అక్క భర్తకు, బావకు, ఫోన్ చేశాను. మా వైపు ఒక నమ్మకం. దుబాయి సబ్బుకు మురికి ఎక్కువ పోతుంది, దుబాయి టార్చిలైటుకు వెలుగెక్కువ. మరి ప్రాసెసర్ ఏం తక్కువ తిన్నది?

"ఏ నంబరు కావాల్నో చెప్పు బామ్మర్దీ" అన్నాడాయన.

మదర్‌బోర్డు మీద ఏం రాసుందో చూసే ఓపిక ఎవరికుంది? కంప్యూటరు డబ్బా మీదున్న పేరు మాత్రం చదివి, "మా దాంట్ల పట్టేటివాట్ల అన్నిట్లకన్న పెద్ద నంబరు తే బావా" అన్నాను.

బావ సెలవు మీద తన ఊరు రుద్రంగికి వచ్చి సూట్‌కేసు విప్పిన రోజు చుట్టాలందరి మధ్య నేనూ కూర్చున్నాను. తువ్వాలలో చుట్టిన ప్రాసెసరును బయటికి తీశాడు. మా అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింతేనా? బిస్కిటంత లేదు" అంది. తెలియని మనుషుల మీద నాకు భలే జాలి వేసింది.

ఇంటికి తెచ్చి నేనే బిగించాను. సాకెట్లో చక్కగా కూర్చుంది. కూర్చుంది కాబట్టి జోడు కుదిరిందని తేల్చేశాను. పాత ప్రాసెసరుకు అంచున చిల్లు పొడిచి బండి తాళంచెవికి తగిలించుకున్నాను, నలుగురూ అడగాలని. అడిగారు కూడా.

తీరా చూస్తే కంప్యూటరు ముందుకన్నా నిదానించింది. నా భార్య డిజైన్ తెరిచి, వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకుని వచ్చింది. ఇంకా తెరుచుకుంటోంది. "కొత్తది గదా, అలవాటు పడాలె" అన్నాను. అప్పుడే బావ ఫోన్.

"ఎట్లున్నది?"

"విమానం లెక్క ఉరుకుతంది బావా!"

ఆమె చూసిన చూపు గురించి నేను రాయను.

సేటు రావడానికి ముందు రోజు కంప్యూటరు డబ్బాను ఒళ్లో పెట్టుకుని జగిత్యాలలో ఒక మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన మూత విప్పి చూశాడు.

"సార్, ప్రాసెసరు మంచిదే. బోర్డు పాతది. రెండింటి నడుమ సమాచారం పోయే తొవ్వ ఉంటది, బస్ స్పీడ్ అంటరు. గది గీ బోర్డుల తక్కువ. గందుకే మీ కొత్తది బోర్డుకు తగ్గట్టు తగ్గి, పాతదానికన్న నిమ్మలంగ నడుస్తంది. పాతదే దీనికి సరైన జోడు. గదే పెడ్త, ఏది?"

తాళంచెవి ఉన్న జేబును చేత్తో మూసుకున్నాను. సాంచాకు పెద్ద మోటరు బిగిద్దామన్న పనివాళ్లను "సాంచా తట్టుకోవాలె గదా!" అని కసిరేది నేనే మరి. సిగ్గుతో చచ్చిపోతూ డబ్బాను అలాగే వెనక్కి తెచ్చాను.

మరునాడు సేటు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద గుండ్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే నేను కూడా నోరు మూసుకున్నాను. పని చేయిదాటిపోయిందనే అనుకున్నాను. ఆ మౌనం భరించలేక నా భార్య మాట్లాడటం మొదలుపెట్టింది.

"మా తల్లిగారిల్లు కోరుట్ల. మా అమ్మ బీడీలు చేసేది. ఆకు కత్తిరిస్తుంటె ముక్కలు కింద పడేటియి. నేను వాటిని గడపపొంటి వరుసగ పేర్చుకుంట ఆడుకునేదాన్ని. గీ అంచు గదే."

సేటు తెరను వదిలి ఆమె వైపు తిరిగాడు. పెద్ద ముక్కలు ఎటు పెట్టేదానివి, చిన్నవి ఎటు అని అడిగాడు. ఆమె బల్ల మీద వేలితో గీసి చూపింది. తెర మీద డిజైన్ పూర్తిగా రాకముందే, "గిదే నెయ్యుండ్రి" అన్నాడు.

ఆయన వెళ్లాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ బీడీ ఆకుల సంగతి నేను వినలేదు.

"గీ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలేదేంది?" అని అడిగాను.

ఆమె కంప్యూటర్ ఆపుతూ అంది: "నువ్వు ఎన్నడన్న గంతసేపు ఊకున్నవా?"