నిలబడే టికెట్టుకి కుర్చీ బేరం

ఆత్మకూరు గొర్రెల సంతలో ముప్పై అయిదేళ్ళు దళారీ పని చేసి, ఒక్క బేరంలో గూడా ఓడిపోని మనిషిని నేను. ఈ మాట నేనే చెప్పుకుంటా ఉంటాను, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. అట్టాటోణ్ణి ఒక సాయంత్రం, అదే ఆత్మకూరు బయట, గొర్రె గూడా చెయ్యని పని చేసినాను. గొర్రెకి దొడ్డి తలుపు తీసి చూపిస్తే నేరుగా లోపలికి పోతాది. నాకూ తీసి చూపించినారు. నేను పోలా. నా పరువు పోయింది, మా మనవడి పరువు గూడా పోవలసిందే, ఎట్టనో తప్పింది. చదివి నవ్వుకోండి. మా ఇంటికొచ్చి మాత్రం నవ్వబాకండి. నా పెళ్ళాం రాహేలమ్మ ఆ కథ మళ్ళీ మొదలు పెడతాది, ఆమె చెప్తే నా కథలో నేను ఇంకా ఎదవగా కనపడతాను.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అప్పుడు నేను చిన్నోణ్ణి, అరవై మూడేళ్ళు. దానికి కొంచెం ముందరే, కరోనాకి సంతలు మూతపడి అందరం ఇళ్ళలో పడున్నప్పుడు, మా మనవడు దావీదు నాకు అక్షరాలు నేర్పించినాడు. లేటుగా పెళ్ళయినోడికి పెళ్ళాం మీద ఎంత ఆశ ఉంటాదో, లేటుగా చదువొచ్చినోడికి బోర్డుల మీద అంత ఆశ. బస్సు మీద, గోడ మీద, సిమెంటు సంచి మీద, తెలుగులో ఏది కనపడితే అది పైకి చదివేవాణ్ణి. "ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా నీ పక్కన కూర్చుంటే నా చెవులు దిబ్బళ్ళు పడతాయయ్యా" అనేది రాహేలమ్మ. నేను వింటేగా. ఆ చదువే చివరికి నా కొంప ముంచింది.

దావీదు నెల్లూరులో సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తా ఉండాడు. ఆదివారం చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. చిన్నప్పుడు మా ఇంట్లో వాడు సొట్ట పెట్టని గిన్నె లేదు, నేను వాణ్ణి తిట్టని రోజు లేదు. "నిన్ను చదివించేది తపేళాలు వాయించేదానికా" అని అరిచేవాణ్ణి. వాడు ఆ తిట్లు తిని, ఇంకో తపేళా తీసుకునేవాడు.

ఆ ఏడు, ప్లాట్లు అమ్ముకునే కంపెనీ ఒకటి ఆత్మకూరు బయట పెద్ద బయలు చదును చేసి, హద్దురాళ్ళు నాటి, జనాన్ని రప్పించేదానికి రాక్ కచేరీ పెట్టింది. మద్రాసు నుంచి పెద్ద బ్యాండు. దానికి ముందర నెల్లూరు పిల్లకాయల చిన్న బ్యాండు, మూడే పాటలు. ఆ చిన్న బ్యాండులో డ్రమ్ములు మావాడివి. వారం ముందర ఉదయగిరికి వచ్చి రెండు టికెట్లు నా చేతిలో పెట్టినాడు.

"తాతా, నువ్వూ అవ్వా రావాల."

"రాక్ అంటే ఏందిరా?"

"గిటార్లు, డ్రమ్ములు, గట్టిగా అరుస్తా పాడేది."

"అరుపులకి ఆత్మకూరు దాకా ఎందుకురా, మీ అవ్వ ఇంట్లోనే ఉండాది గదా."

"ఆటలొద్దు తాతా. ఇవి స్టేజీ ముందర నిలబడే టికెట్లు, నా జీతంతో కొన్నా. అంత జనం ముందర నేనెప్పుడూ వాయించలా. చెయ్యి వణుకుతాదని భయంగా ఉండాది."

"అయితే నేనొచ్చి నీ చెయ్యి పట్టుకోవాల్నా?"

"నువ్వు కనపడితే చాలు. వాయించేటప్పుడు జారిపోతాదని కళ్ళజోడు తీసేస్తా. ముఖాలు కనపడవు. నీ ఎర్ర తువ్వాల అయితే కనపడతాది. అది ముందర కనపడితే నాకు ధైర్యం."

తపేళాలకి తిట్లు తిన్న పిల్లోడు, ధైర్యానికి నా తువ్వాలే కావాలన్నాడు. నేను ముక్కు చీదుకుంటా అటు తిరిగినాను. జలుబని చెప్పినాను.

ఆ తువ్వాల సంగతి కొంచెం చెప్పాల. మా సంతలో రేటు నోటితో చెప్పం. తువ్వాల కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని, వేళ్ళు నొక్కి చెప్తాం. పక్కనోడికి తెలియదు. బేరం ముగిసినాక, ఓడినోడి భుజాన నేను ఆ తువ్వాల కప్పుతాను. వాడు కాసేపు కప్పుకోని, టీ తాగి, తిరిగిచ్చి పోతాడు. ఓడినోణ్ణి ఉత్త భుజాలతో పంపకూడదని మా నాయన నేర్పిన మర్యాద. మర్యాద కోసం ప్రాణమిచ్చే వంశం మాది. ప్రాణమైతే బాగుండు, నేను తువ్వాల ఇచ్చినాను.

సరే, కచేరీ రోజు పొద్దుండగానే ఆడికి చేరినాం. లోపలికి పోతానే పెద్ద బోర్డు. నేను ఆగి, గొంతు సవరించుకోని చదివినాను. "కుర్చీలు, ఏడు వందల రూపాయలు. స్టేజీ ముందు నిలబడు చోటు, రెండు వేల అయిదు వందల రూపాయలు."

ఇంకోసారి చదివినాను. అక్షరాలు కొత్త గానీ అంకెలు నాకు పాతవే. బోర్డు పక్కన యూనిఫారం వేసుకోని ఒక కుర్రోడు ఉంటే అడిగినాను.

"నాయనా, ఈ అంకెలు అటూ ఇటూ అయినట్టుండాయే."

"లేదు తాతా, కరెక్టే."

"కూర్చుంటే ఏడొందలు, నిలబడితే రెండున్నర వేలా?"

"అవును."

"పండుకుంటే ఎంత?"

"పండుకునేదానికి లేదు తాతా, పక్కకి జరుగు."

నేను పుట్టిన కాడి నుంచి చూసిన లోకం వేరే. డేరా సినిమాలో నేల, బెంచీ, కుర్చీ. నేల చవక, కుర్చీ పిరం. నాటకమైతే దుత్తలూరు నుంచి వచ్చే ఆసామి తన కుర్చీని బండిలో వేసుకోని మరీ వచ్చేవాడు. ఆయన కూర్చుంటేనే తెర లేచేది. మేం వెనక నిలబడి చూసేవాళ్ళం, మా నిలబాటుకి ఎవరూ దమ్మిడీ అడగలేదు. అట్టాటిది, నిలబడేదానికి రెండున్నర వేలు. పైగా ఆ నిలబడే చోటు చుట్టూ ఇనప కమ్ములు పెట్టి, ఒక్కటే దారి ఇడిసినారు. అచ్చం మా సంతలో గొర్రెల దొడ్డే. దొడ్డిలో నిలబడేది గొర్రె, కుర్చీలో కూర్చునేది కొనేవాడు. ఇది నాకు ఒకరు చెప్పాల్నా?

సంతలో ఒక మోసం ఉండాది. పళ్ళు ఊడిన గొర్రెకి రేటు ఎక్కువ చెప్తారు. ఎక్కువ చెప్పినాడు గదా, మంచిదే అయ్యుంటాదని తెలియనోడు కొంటాడు. నాకు విషయం తేలిపోయింది. ఎవరూ కొనని చోటుకి రేటు పెంచి మా పిల్లోడికి అంటగట్టినారు.

"రాహేలమ్మా, దావీదుని మోసం చేసినారే."

"వాడు ముందర నిలబడమన్నాడు గదయ్యా."

"కుర్చీకి దుడ్లు చాలక అట్టా చెప్పుంటాడు."

"ఏడొందలు చాలక రెండున్నర వేలది కొన్నాడా?"

ఈ ప్రశ్నకి నాకు ఈరోజుకీ జవాబు దొరకలేదు. ఆ రోజు మాత్రం వెంటనే దొరికింది. "నీకు సంత సంగతి తెలియదు, ఊరుకో" అన్నాను.

అప్పుడే మా పక్కన ఇద్దరు కుర్రోళ్ళు మాట్లాడుకుంటా ఉండారు. ఒకడు లావుపాటోడు, చెవికి రింగు. ఇంకోడు అగరొత్తి మాదిరి సన్నంగా ఉండాడు. "ముందర టికెట్లు అయిపోయినాయి మామా, ఈ కుర్చీల్లో కూర్చోని ఏం పీకాల" అంటా ఉండాడు లావుపాటోడు. ఓరి పిచ్చి సన్నాసులారా, చేతిలో కుర్చీ పెట్టుకోని ఏడుస్తా ఉండారే అనుకున్నాను. పోయి లావుపాటోడి చెయ్యి పట్టుకోని, పైన తువ్వాల కప్పినాను.

"తాతా, చెయ్యెందుకు పట్టుకున్నావు?"

"నొక్కు."

"ఏం నొక్కాల?"

"నీ మనసులో ఉన్నది నొక్కు."

వాడు స్నేహితుడి వైపు చూసినాడు. ఆ సన్నోడు రెండడుగులు వెనక్కి పోయినాడు. వీడు భయపడి రెండు వేళ్ళు నొక్కినాడు.

"సరే, రెండుకి రెండు. నా నిలబడేవి మీకు, మీ కుర్చీలు నాకు. పైన రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీ."

"ముందర టికెట్లు మాకిచ్చి, మా కుర్చీలు నువ్వు తీసుకోని, మేం బజ్జీలు కొనియ్యాల, అంతేనా?"

"బజ్జీలు లేకుంటే బేరం లేదు."

సన్నోడు పరిగెత్తినాడు. రెండడిగితే మూడు ప్లేట్లు తెచ్చినాడు. ఇద్దరూ వంగి నా కాళ్ళకి మొక్కినారు.

అయ్యా, చదివేవాళ్ళారా, నా దగ్గర ఓడినోళ్ళు నన్ను బూతులు తిట్టినారు, మన్ను పోసినారు, కలువాయి ఆయన ఒకడు చెప్పు గూడా తీసినాడు. కాళ్ళకి మొక్కినోడు లేడు. ఆడన్నా నాకు అనుమానం రావాల. రాలేదు. పాపం, మర్యాద తెలిసిన పిల్లోళ్ళు అనుకోని, సన్నోడి భుజాన ఎర్ర తువ్వాల కప్పి, "పోయేటప్పుడు బజ్జీల బండి కాడ తిరిగియ్యండి" అన్నాను. రాహేలమ్మ కళ్ళు పెద్దవి చేసి చెయ్యి ఊపింది. కారం తగిలిందేమో అనుకున్నాను. నోట్లో బజ్జీ అడ్డం ఉండబట్టి ఆమె మాట బయటికి రాలేదు. ఆ మూడో ప్లేటే నన్ను ముంచింది.

కుర్చీలు వెతుక్కుంటా పోతే పోతానే ఉండాయి. ఇంకొంచెం పోతే వింజమూరు వస్తాదేమో అనిపించింది. స్టేజీ అగ్గిపెట్టె అంత కనపడింది. అయినా కాళ్ళు చాపుకోని కూర్చున్నాను, దుత్తలూరు ఆసామి మాదిరి. పాట మొదలయ్యేటప్పటికి ముందరోళ్ళంతా లేచి కుర్చీలెక్కి నిలబడినారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కూర్చుని చూస్తే కొండైనా కనపడదు. నాకు కనపడింది ఒకాయన ప్యాంటు వెనక జేబు. దాని మీద ఏదో రాసుండాది గానీ ఇంగ్లీషు.

డ్రమ్ము మోగింది. మోగింది అని మర్యాదగా అనేది వాడు నా మనవడని. కుంటి గొర్రె నడిచినట్టు, ఒక దెబ్బ పడతా ఉండాది, ఒక దెబ్బ తప్పతా ఉండాది. జనంలో ఎవడో ఈల వేసి "ఆపరా" అన్నాడు.

"యోవ్" అనింది రాహేలమ్మ. అప్పటికి బజ్జీ దిగింది. "నీ తువ్వాల యాడ?"

చెయ్యి భుజానికి పోయింది. ఉత్త భుజం.

"పిల్లోడు చూసేది నీ మొహాన్ననుకున్నావా? తువ్వాలనయ్యా."

నేను ఎప్పుడు లేచినానో తెలియదు, దొడ్డి దారికాడ ఉండాను. కాపలా ఆయన కమ్మికి అడ్డం నిలబడినాడు.

"తాతా, మీది కుర్చీ టికెట్."

"డ్రమ్ములు వాయించేది నా మనవడు నాయనా."

"అందరూ అదే చెప్తారు."

"నా తువ్వాల లోపల ఉండాది."

"తువ్వాలకి టికెట్ ఉండాదా?"

"ఉండాది. రెండున్నర వేలది."

"అయితే అది ఉంటాది. నువ్వు పో."

కమ్మి పట్టుకోని నిలబడినాను. లోపల వేలు పోసి నిలబడినోళ్ళు, బయట ఊరికే నిలబడిన నేను. డ్రమ్ము ఇంకో దెబ్బ తప్పింది. అప్పుడు జనం తలల మీద ఎర్రగా ఏదో లేచింది. లావుపాటోడి భుజాల మీద సన్నోడు ఎక్కి, నా తువ్వాలని గిరగిరా తిప్పతా ఉండాడు. ఆ తర్వాత దెబ్బ సరిగ్గా పడింది. దాని తర్వాతది గూడా. ఇంక ఆ పిల్లోడు వాయించినాడు చూడండి, హద్దురాళ్ళు ఊగినాయి. ఈల వేసినోడే ఎగరతా ఉండాడు. మా ఇంటి తపేళాలన్నీ బతికుంటే చేతులెత్తి దణ్ణం పెట్టుండేవి.

పాటలయినాక తువ్వాల కోసం నేనూ రాహేలమ్మా బజ్జీల బండి కాడ నిలబడుంటే, దావీదు పరిగెత్తుకుంటా వచ్చి నన్ను వాటేసుకున్నాడు. కళ్ళజోడు ఇంకా జేబులోనే ఉండాది.

"మొదట తువ్వాల కనపడలా తాతా. ఇంక అయిపోయిందనుకున్నా. ఈ వయసులో నా కోసం ఎవరి భుజాలో ఎక్కినావే."

నిజం చెప్దామనే నోరు తెరిచినాను. "ఏదో రా, మోకాళ్ళు కొంచెం పట్టేసినాయి" అని వచ్చింది.

రాహేలమ్మ నన్ను పళ్ళు ఊడిన గొర్రెని చూసినట్టు చూసింది. ఆమె నోరు తెరిచే లోపల ఆ ఇద్దరూ వచ్చినారు.

"తాతా, ఇదిగో నీ తువ్వాల. మళ్ళీ ఎప్పుడన్నా కుర్చీ కావాలంటే మాకే చెప్పు. బజ్జీలకి తోడు బిర్యానీ గూడా పెడతాం."

దావీదు నిదానంగా జేబులోంచి కళ్ళజోడు తీసి కళ్ళకి పెట్టుకున్నాడు. తువ్వాలని చూసినాడు. సన్నోణ్ణి చూసినాడు. నా చేతిలో కుర్చీ టికెట్ చూసినాడు.

"అంటే, మూడు పాటలు నేను ఎవరో తెలియనోణ్ణి చూసుకోని వాయించినానా?"

"వాణ్ణి చూసి కాదురా, తువ్వాలని చూసి" అనింది రాహేలమ్మ. "మీ తాత కంటే అదే నయం. నువ్వు నిలబడమన్న చోట నిలబడింది."

దావీదు నవ్వు ఆపుకోలేక కింద కూలబడినాడు. లావుపాటోడు వాడి వీపు నిమరతా, "నీళ్ళు తాగు బ్రో" అన్నాడు. నేను మూడో ప్లేటులో మిగిలిన బజ్జీ తిన్నాను. ఇంకేం చెయ్యాల.

ఇప్పుడు వాడి కచేరీ యాడ ఉన్నా పిలుపు ముందు తువ్వాలకే వస్తాది. మొన్న నెల్లూరులో కచేరీ ఉంటే ఫోన్ చేసినాడు. "తాతా, తువ్వాల ఉతికి పెట్టు." "మరి నేను?" అన్నాను. "దానికి తోడుగా రా" అన్నాడు. పోయినాను. దొడ్డిలో నిలబడినాను. కాళ్ళు వాచినాయి. రెండున్నర వేలు ఎందుకు పెట్టినారో ఆ రోజు తెలిసింది. ఆడి నుంచి పిల్లోడి కణతల మీద చెమట గూడా కనపడతాది.

అందుకని మా నాయన మీద, ఆయన తువ్వాల మీద ఒట్టేసి, నా సొంత అక్షరాలతో రాస్తా ఉండాను. ఇక మీదట నా మనవడు నిలబడమన్న చోట, ఎంత మెత్తటి కుర్చీ చూపించినా, ఎన్ని ప్లేట్లు బజ్జీలు పెట్టినా, కదలకుండా నిలబడతాను.

కూర్చోని రాసిన ఒట్టు చెల్లదంటా ఉండాది రాహేలమ్మ. సరే, లేచినాను. నిలబడతాను.